ఎక్కమని అడగకూడని బండి

ఈ దేశపు సన్‌స్క్రీన్ మన ఒంటికోసం తయారుచేసింది కాదు. తెల్లవాళ్ళు రాసుకుంటే లోపలికి ఇంకిపోతుంది. మనం రాసుకుంటే విభూతి పూసుకున్నట్టు పైనే నిలబడుతుంది, ఎంత రుద్దినా అంతే. ఇక్కడ జనవరంటే నడివేసవి. ఆ జనవరి ఉదయం నేనూ, ఉత్తరాన డార్విన్ అనే ఊరి నుంచి సెలవుకి వచ్చిన మా బావమరిదీ, మొహాలనిండా ఆ బూడిదతో, నారింజరంగు జాకెట్లు తొడుక్కుని ఒక వ్యాను పక్కన నిలబడ్డాం. మీది ఏ మఠమని ఎవరూ అడగలేదు. ఇక్కడివాళ్ళకి ఆ మర్యాద ఉంది.

మా ఆఫీసులో ఏడాదికొక రోజు స్వచ్ఛంద సేవ చెయ్యాలి. స్వచ్ఛందం అంటే మేనేజరు మన పేరు పంపిస్తాడు, మనం వెళ్తాం. కొందరు మొక్కలు నాటారు. కొందరు బీచ్‌లో ప్లాస్టిక్ ఏరారు. వారంపాటు జరిగే ఒక సైకిల్ రేసులో ఒకరోజు వ్యాను నడిపే పని నాకు పడింది. రేసులో అందరికంటే వెనక వెళ్ళే బండి అది. ఇంక తొక్కలేం అనుకున్నవాళ్ళు దిగి అందులో ఎక్కుతారు. ఎక్కితే రేసు అయిపోయినట్టే.

నా పక్క సీట్లో రేసు అధికారి కూర్చున్నారు. పెద్దావిడ. ఇదివరకు స్కూల్లో ఆటల టీచరుగా చేశారట. సీటు బెల్టు పెట్టుకుంటూనే చెప్పేశారు.

"ఒక్కటే రూలు. ఎవర్నీ ఎక్కమని అడక్కూడదు. వాళ్ళంతట వాళ్ళు దిగాలి."

"పాపం దాహంతో ఉంటేనో?" వెనక సీట్లోంచి మా బావమరిది. వాడు డార్విన్‌లో నర్సు. అడక్కుండా ఉండలేడు.

"దాహంతోనే ఉంటారు," అన్నారావిడ.

మొదటి కొండ దగ్గరే ఒకాయన వెనకపడ్డాడు. మిగతా గుంపు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. వాళ్ళ టీమ్ కారు ఆయన పక్కన ఒక్క నిమిషం ఆగి, రెండు బాటిళ్ళిచ్చి, ముందున్నవాళ్ళకోసం వెళ్ళిపోయింది. ఇక రోడ్డు మీద మిగిలింది ఆయన వీపు, దానికి పిన్నులతో గుచ్చిన నంబరు కాగితం, వెనకాల మేము. ఒకపక్క సముద్రం. రెండోపక్క ఎండిపోయిన గడ్డి. ఎదురుగాలి హెయిర్ డ్రయ్యర్ మొహమ్మీద పెట్టినట్టుంది. ఆ సంగతి నాకు మధ్యలో ఒకసారి కిటికీ దించితే తెలిసింది. వెంటనే ఎత్తేశాను.

ఆయనెవరో ఆవిడ చెప్పారు. స్పెయిన్ ఉత్తరాన ఏదో చిన్న ఊరు. నలభైకి దగ్గరపడుతున్నాడు. పదహారో ఏట చదువు మానేసి సైకిలెక్కాడు, ఇంకో పని రాదు. ఇన్నేళ్ళూ పెద్ద పెద్ద టీముల్లో సహాయకుడిగానే ఉన్నాడు. అంటే వెనక్కి వెళ్ళి, కారు దగ్గర నీళ్ళ బాటిళ్ళు తీసుకుని, చొక్కాలో కుక్కుకుని, మళ్ళీ ముందుకి తొక్కి నాయకుడికి అందించాలి. గాలికి తాను అడ్డంగా ఉండి వాణ్ణి తన వెనక దాచాలి. వాడి చక్రం పంక్చరైతే తన చక్రం విప్పి ఇచ్చి, తాను రోడ్డు పక్కన నిలబడాలి. ఐటీ సపోర్టులో ఇన్నేళ్ళుగా ఉన్న నాకు ఈ ఉద్యోగం గురించి అంతకంటే విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

"ఒక్కటైనా గెలిచాడా?" అన్నాను.

"ఒకసారి గెలవబోయాడు. కొండమీద అందరికంటే ముందు, ఒక్కడే ఉన్నాడు. నాయకుడు కింద అలిసిపోయాడు, వాడికోసం ఆగమని చెవిలో ఉండే రేడియోలో చెప్పారు. ఆగాడు."

"ఆగిపోయాడా!" అన్నాడు మావాడు.

"జీతమిచ్చేది ఆగడానికే కదా."

పోయిన డిసెంబరుతో ఆయన కాంట్రాక్టు అయిపోయిందట. ఎవరూ తీసుకోలేదు. ఈ చిన్న టీములో ఒక కుర్రాడికి జబ్బు చేస్తే ఈ ఒక్క వారానికి పిలిచారు. వారం పూర్తిచేస్తే ఏడాదికి సంతకం పెడతామన్నారు. ఇవాళ కాక ఇంకొక్క రోజే ఉంది. గెలవక్కర్లేదు. గెలిచినవాడు చేరాక కొంత గడువిస్తారు, ఆ లోపల గీత దాటితే చాలు. దాటకపోతే ఊళ్ళో తమ్ముడి కోళ్ళఫారం ఉంది.

"బావా," అన్నాడు మావాడు తెలుగులో, "ఆయన ఎడంపక్క సరిగ్గా ఊపిరి తీసుకోవట్లేదు. చూడండి, భుజం లేవట్లేదు. పక్కటెముకేదో పోయుంటుంది."

ఆవిడకి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "రెండోరోజు పడ్డాడు. డాక్టరుకి బానే ఉందని చెప్పాడు."

రెండో కొండ మీద మావాడు ఆగలేకపోయాడు. కిటికీ దించి, సగం బయటికి వంగి, ఊళ్ళో బస్సు తప్పిపోయినవాళ్ళని పిలిచినట్టు పిలిచాడు. "కమ్, బ్రదర్, కమ్! సిట్, సిట్! ఏసీ!"

ఆయన తల తిప్పాడు. కోపం లేదు. పెళ్ళిలో ఇంకా తింటున్న మనిషిని విస్తరి తియ్యమంటారా అనడిగితే ఎలా చూస్తాడో అలా చూసి, మళ్ళీ ముందుకి తిరిగాడు.

"ఇంకోసారి పిలిస్తే నిన్ను ఇక్కడే దింపేస్తా," అన్నారావిడ.

"అది కాదు బావా," వాడు నాతో గొణిగాడు. "మనం ఏసీలో కూచుని, ఎండలో పోయే మనిషిని ఎక్కమని అడక్కపోతే ఎలా? అమ్మకి తెలిస్తే గడప తొక్కనివ్వదు."

అప్పుడే మా ఆవిడ ఫోను. బండి నడుపుతున్నాను కాబట్టి స్పీకర్లో వినిపించింది.

"ఏమండీ, ఇంకెంతసేపు? పక్కవీధిలో గృహప్రవేశం. వాళ్ళు రెండుసార్లు అడిగారు."

"ఒకాయన ఇంకా తొక్కుతున్నాడు."

"ఎందుకుట?"

"అది ఆయన ఉద్యోగం."

"ఎక్కించేసుకోండి."

"ఎక్కమని అడక్కూడదుట."

"అదేం దేశమో," అని పెట్టేసింది.

మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. మావాడు అట్టపెట్టెలోంచి పులిహోర తీసి మాకు పెట్టాడు. ఆవిడ మర్యాదకి రెండు ముద్దలు తిని, తర్వాత మర్యాద పక్కనపెట్టి ప్లేటు ఖాళీ చేశారు. కిటికీ అద్దం ఎత్తే ఉంది. ఆయన ఒకచోట కొంచెం వంకరగా పోయాడు. "అయిపోయింది," అన్నాడు మావాడు. కాలేదు. ఇంకోచోట పూర్తిగా నెమ్మదించాడు. నేను బ్రేకు మీద కాలుపెట్టి, తలుపు తాళం తీశాను. ఆయన బాటిల్లో మిగిలినది నెత్తిన పోసుకుని మళ్ళీ తొక్కాడు. నేను తాళం వేశాను. ఆ టక్కుమనే శబ్దం బయటికి వినిపిస్తుందని నాకు తట్టలేదు.

చివరి ఊరు కనపడుతుండగా ఆవిడ రేడియోలో ఎవరితోనో మాట్లాడి, గడియారం చూసుకున్నారు. "గడువు దాటిపోయింది," అన్నారు మెల్లగా. చెప్పడానికి దిగాల్సిన అవసరం రాలేదు. ఆయన చెవిలో కూడా రేడియో ఉంది. ఎత్తు లేదు, పల్లం లేదు, మామూలు రోడ్డు మీద ఒక కాలు కింద పెట్టి ఆగాడు. నేను వెనకాల ఆపాను.

ఆవిడ దిగి వెళ్ళారు. ఆయన అడక్కుండానే వీపు తిప్పాడు. ఆవిడ ఒక్కొక్క పిన్నూ తీసి, నంబరు మడిచి జేబులో పెట్టుకున్నారు. చొక్కా మీద ఆ కాగితం ఉన్నంతమేరా చెమట ఉప్పు పట్టలేదు. చుట్టూ తెల్లగా ఉంది.

మావాడు సైకిలు వెనకాల కట్టి, ఆయన్ని రెక్క పట్టుకుని ఎక్కించి, నీళ్ళిచ్చాడు. ప్లేటులో పులిహోర పెట్టాడు. ఆయన ప్లేటు ఒళ్ళో పెట్టుకున్నాడు కానీ తినలేదు. ఆయన ఫోను మోగింది. అవతలివాళ్ళు ఎక్కువేం మాట్లాడలేదు. ఈయన మూడుసార్లు ఓకే అన్నాడు. మూడోది చాలా మర్యాదగా అన్నాడు.

బండి కదిలింది. ఎవరైనా ఏదో ఒకటి అనాలి. ఇలాంటప్పుడు మావాడు ముందుంటాడు. "యూ డిడ్ వెరీ వెల్, బ్రదర్. గాడ్ ఈజ్ దేర్." నేను అద్దంలో చూస్తూ, ఇంతదూరం రావడమే గొప్ప, మావల్లైతే మొదటి కొండ కూడా కాదు అన్నాను. ఆవిడ కిటికీలోంచి సముద్రం చూస్తున్నారు.

ఆయన ప్లేటు జాగ్రత్తగా పక్క సీట్లో పెట్టాడు. వచ్చీరాని ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా అన్నాడు.

"నేనెప్పుడు దిగుతానా అని పొద్దుట్నుంచీ చూశారు. దిగాను. ఇంక ఇంటికెళ్ళండి."