టెర్షియస్ మామ తూటాల బెంగ

మా టెర్షియస్ మామకి లోకంలో ఒకటే బెంగ: తూటాలు దొరకవేమోనని. వానలు పడకపోతే ఓర్చుకుంటాడు. పశువులకి గాలికుంటు వచ్చినా తట్టుకుంటాడు. ఎవరైనా కొత్త తుపాకీ కొన్నారంటే మాత్రం తిండి సహించదు.

అది ఎంత దూరం కొడుతుందని అడగడు. "దాని తూటా మన ఔచో టౌన్లో దొరుకుతుందా?" అంటాడు.

"దొరుకుతుంది మామా."

"గ్రూట్‌ఫొంటెయిన్‌లో?"

"అక్కడా దొరుకుతుంది."

"ఆ రెండు కొట్లూ ఒకేరోజు తగలబడితే?"

మా చెల్లి పెళ్లిలో చర్చి మెట్ల మీద పెళ్లికొడుకుని పక్కకి లాగి, "నీది ఏ సైజు తుపాకీ నాయనా?" అని గుసగుసగా అడిగాడు. అతను నోరు తిరగని సైజేదో చెప్పాడు. మామ ముఖం పాలిపోయింది. చెల్లి చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండు తల్లీ" అన్నాడు.

మామది త్రీ నాట్ ఎయిట్ సైజు తుపాకీ. ముప్పై ఏళ్లుగా అదే. "దీని తూటా ఉప్పు దొరికే ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది" అని గర్వం.

మామ ప్రాణం తోడేసింది మాత్రం పొరుగు ఫారం ఇల్సె అత్త. భర్త పోయాక ఒక్కతే పశువుల్ని చూసుకునేది. ఆమె దగ్గరున్నది తండ్రి నాటి జర్మన్ తుపాకీ, ఎనిమిది బై అరవై సైజు. ఆ తూటాలు తయారుచేసేవాళ్లే అరుదు. ఆ ఏడు చిరుతొకటి ఆమె దూడల్ని ఎత్తుకుపోవడం మొదలెట్టింది. ఆమెకి మిగిలినవి మూడే తూటాలు.

"మూడా!" మామ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "ఒకటి గురి తప్పుతుంది. ఒకటి పేలదు. మూడోది తగిలి చిరుతకి కోపం తెప్పిస్తుంది. తర్వాత? చీపురుతో కొడతావా? అది అమ్మేసి త్రీ నాట్ ఎయిట్ కొనుక్కో ఇల్సె!"

"మా నాన్న దీంతోనే నాకు గురి నేర్పాడు. నా భుజానికి ఇదే తెలుసు. కాఫీ తాగి బయల్దేరు టెర్షియస్."

మర్నాడే మామ నన్ను వెంటేసుకుని ఔచో వెళ్లాడు. తుపాకుల కొట్టు వెర్నర్ చేతులెత్తేశాడు. "ఒక్క మనిషి కోసం జర్మనీ నుంచి తెప్పించలేను. ఈ సైజుకి లైసెన్సున్న తుపాకీ ఇంకొకటైనా ఉంటే చూస్తా."

తర్వాత రెండు నెలలు మా ఇంటి వైపు రానేలేదు. అలిగాడనుకున్నాం.

ఈలోగా ఓ పొద్దున చిరుత దూడల దొడ్లోకి దూకింది. ఇల్సె అత్త మొదటి దెబ్బకే పడగొట్టింది. కబురు తెలిసి మామ పరిగెత్తుకొస్తాడనుకున్నా. రాలేదు.

పదిరోజుల తర్వాత నేను అత్త ఫారంలో ఉండగా వచ్చాడు, పికప్పులో రెండు తూటాల పెట్టెలు, భుజాన ఓ పాత తుపాకీ. అత్త దాన్ని చూసి కళ్లు చికిలించింది.

"ఎనిమిది బై అరవై కదూ ఇది! నీ త్రీ నాట్ ఎయిట్ ఏదీ?"

"అమ్మేశా."

"మతి పోయిందా? దీని తూటా ఎక్కడా దొరకదని నా బుర్ర తిన్నావు!"

"ఒక్కదానివైతే వెర్నర్ తెప్పించనన్నాడు," మామ టోపీ తీసి దులిపాడు. "ఇద్దరమైతే తెప్పిస్తాడు. లైసెన్సుకే ఆలస్యమైంది."

అత్త పెట్టెలు లోపల పెట్టి వచ్చి, "రా, ఓసారి పేల్చి చూడు" అంది.

పేల్చాడు. గురిపెట్టిన డబ్బా కదల్లేదు, మామ మాత్రం తుపాకీ అదురుకి రెండడుగులు వెనక్కి వెళ్లాడు. అత్త నవ్వు ఆపుకుంటూ లోపలికెళ్లి కాఫీ తెచ్చింది.

"ఎలా ఉంది కొత్త తుపాకీ?"

"దివ్యంగా ఉంది," అన్నాడు మామ, కుడి చెయ్యి లేవక ఎడం చేత్తో కప్పు అందుకుంటూ.