నీలావతి టీచరు దిద్దిన పేపర్లు

ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన నీలావతి, బుక్కపట్నంలో టీచరు ట్రైనింగు ముగించి హిందూపురంలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో చేరింది. ఏటా జూన్‌లో కొత్త పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరిని ఏ తరగతిలో కూర్చోబెట్టాలో తేల్చడం ఆమె పని. లెక్కలూ, ఇంగ్లీషు మాటలూ బోర్డు మీద రాసేది. పిల్లలు చూసి దించుకుని జవాబులు రాయాలి. ఎర్రపెన్సిలు పడితే ఆమెది రాతిగుండె అనేవాళ్లు తోటి టీచర్లు. ఆ మాటకు లోలోపల మురిసిపోయేది.

1982లో ఖాదర్‌వలి తన కూతురు హుస్సేన్‌బీని తీసుకొచ్చాడు. స్టవ్వులు రిపేరు చేసే మనిషి, పెనుకొండ నుంచి కొత్తగా కాపురం మార్చాడు. పిల్లకు పదేళ్లు, నాలుగో తరగతి పాసయింది. ఈ పరీక్షలో మాత్రం ఇరవైకి రెండే వచ్చాయి. నీలావతి రెండో తరగతి అని రాసేసింది.

"ఆడ లెక్కల్లో ఫస్టు వచ్చేదమ్మా," అని నసిగాడు ఖాదర్‌వలి.

"ఆడ వేరు, ఈడ వేరప్పా."

హుస్సేన్‌బీ చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చునేది. ఐదు వారాలయ్యాక ఒక మధ్యాహ్నం, ఎండ ఫెళ్లున కాస్తుండగా, వరండాలోని నీళ్లబిందెకు ఎదురుగా వెళ్లి గుద్దుకుంది. బిందె దొర్లింది. పిల్లలు నవ్వారు. ఆ పిల్ల మాత్రం బిందె ఎటు పోయిందో తెలియక తల అటూ ఇటూ తిప్పుతోంది.

నీలావతి బీరువాలోంచి ఆ పిల్ల పేపరు తీసి చూసింది. బోర్డు మీద 38, 56 కూడమని ఉంటే, పిల్ల 33, 55 అని దించుకుని 88 వేసింది. తను అడ్డంగా కొట్టేసిన లెక్కలన్నీ అంతే. అంకెలు తప్పు, లెక్క ఒప్పు.

పిల్లను పక్కకు పిలిచి చూపు సంగతి అడిగింది.

"చెవి పక్కనుంచి నల్లగా వస్తాది టీచర్," అంది హుస్సేన్‌బీ. "ముందు సన్నంగా ఉండె. ఇప్పుడు ముక్కు దాకా వచ్చిండాది. రెండో కంట్లో గూడా మొదలయ్యింది."

"మీ నాయనకు చెప్పలేదా?"

"తప్పినందుకు సాకు చెప్తాండావు అంటాడని చెప్పలే."

కరస్పాండెంటు కేశవమూర్తి విని విసుక్కున్నాడు. "మనది స్కూలమ్మా, ఆసుపత్రి కాదు. పరీక్షే తప్పని ఊళ్లో తెలిస్తే రేపు ఎవరు చేరతారు?"

ఆమె నేరుగా ఖాదర్‌వలి అంగడికి పోయింది. మరునాడే పిల్లను బెంగుళూరు కంటి ఆసుపత్రికి తీసుకుపోయారు. కంటి లోపలి పొర ఊడిపోతోందన్నాడు డాక్టరు. ఆపరేషన్‌తో ఒక కన్ను దక్కింది. రెండోదాని గురించి ఒకే మాట అన్నాడు: "ఒక్క నెల ముందు రావలసింది." నీలావతి పరీక్ష రోజు నుంచి మనసులో వారాలు లెక్కపెట్టుకుంది: ఐదు.

హుస్సేన్‌బీ తిరిగొచ్చి ఐదో తరగతిలో కూర్చుంది. నీలావతికి మాత్రం నిద్ర పట్టలేదు. బీరువాలోని పాత కట్టలన్నీ విప్పింది. తప్పు అంకెలు, ఒప్పు లెక్కలు ఉన్న పేపర్లు మరో మూడు దొరికాయి. ఒకదాని మీద తన చేతిరాతే ఉంది: నాగేంద్రమ్మ, సోమందేపల్లి. మందబుద్ధి. ఒకటో తరగతి. తేదీ రెండేళ్ల కిందటిది. ఆ పిల్ల నెల తిరక్కుండానే బడి మానేసింది.

ఆదివారం బస్సెక్కి సోమందేపల్లిలో ఇల్లు వెతికి పట్టుకుంది. గడప మీద పన్నెండేళ్ల పిల్ల చేటలోకి చెనక్కాయలు ఒలుస్తోంది. ముఖం వీధివైపు ఉంది, వేళ్లు మాత్రం తడుముకుంటున్నాయి.

"ఎవరు వచ్చిండేది?" అంది, నీలావతి ఉన్న వైపు కాకుండా పక్కకు తిరిగి.

తల్లి బయటికొచ్చింది. "చూపు పోయి ఏడాదాయెనమ్మా. అంతకు ముందే బడి మాన్పిస్తిమి. చదువు రాదని ఆడ టీచరమ్మే రాసిచ్చె."

"ఆ మాట రాసింది నేనే," అంది నీలావతి.

తల్లి తిట్టలేదు. చేటను చేతిలోకి తీసుకుని, కూతుర్ని రెక్క పట్టి లేపి లోపలికి తీసుకుపోయింది. తలుపు మూసుకుంది.

నీలావతి ఆ గడప ముందే నిలబడిపోయింది. సంచిలో ఇంకా రెండు పేపర్లున్నాయి. ఒకటి పెనుకొండ పిల్లది, ఒకటి ఎర్రమంచి పిల్లది. వీధి చివర పెనుకొండ బస్సు హారను కొడుతూ వచ్చి ఆగింది. నడిచి వెళ్లి ఎక్కింది.