పళ్ళు నావి, పర్వతం పిల్లది

మొన్న హిమాలయాల్లో నేను గుర్రమెక్కానంటే మీరు నమ్మరు. నమ్మకండి. ఎక్కింది నేను కాదు, నా మోకాళ్ళ నొప్పి. అదీ పదకొండేళ్ళ పిల్ల పేరు మీద! చాయ్ చల్లారకముందే చెప్పేస్తాను, వినండి.

యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం డిపార్ట్‌మెంటుకి నేను టైపిస్టునని మీకు తెలుసుగా. వాళ్ళు సుత్తితో రాళ్ళు కొడతారు, నేను వేళ్ళతో అక్షరాలు కొడతాను. ఉండేది తార్నాకలో ఒక గది. పొద్దున తాళం వేసేదీ నేనే, సాయంత్రం తీసేదీ నేనే. మా హెడ్డుగారి అమ్మాయి వసుధ రోజూ నాలుగింటికి బడి నుంచి నేరుగా నా టేబుల్ దగ్గరికొస్తుంది. వాళ్ళ నాన్న పని తెమిలేదాకా నా మిషన్ మీద తన పేరు ఎర్ర రిబ్బన్‌తో కొట్టుకుంటుంది. "ఇవాళ ఏం తిన్నారు అంకుల్?" అని నన్ను అడిగే ప్రాణి ఈ జంటనగరాల్లో ఆ పిల్ల ఒక్కతే.

ఫిబ్రవరిలో ఒకరోజు హెడ్డుగారు మూడు బ్రోచర్లు నా ముందు పడేశారు.

"ఆశీర్వాదం, పిల్లల సమ్మర్ క్యాంపులట. అన్నీ కొండల మీదనే. దేశదేశాల పిల్లలొస్తరట. చదివి ఒకటి ఖాయం చెయ్. నాకు టైం లేదు."

జీవితమంతా కొండల మీద పరిశోధన చేసిన మనిషి కొండని ఎంచే పని నాకప్పగించాడు! నేనెక్కిన ఎత్తైన చోటు సికింద్రాబాద్ డబుల్ డెక్కర్ బస్సు పై అంతస్తు.

సరే, నేనూ వసుధా కూర్చుని చూశాం. మొదటిది స్విట్జర్లాండ్. బొమ్మలు చూస్తేనే జలుబు చేసేటంత చల్లగా ఉన్నాయి. కానీ విదేశీ మారకానికి ఢిల్లీ పర్మిషన్ కావాలట. దాన్ని హెడ్డుగారే కొట్టేశారు. రెండోది నీలగిరుల్లో. ఆ ఫారంలో తండ్రి జీతమెంత, పిల్లకి లెక్కల్లో మార్కులెన్ని, ఫోర్కుతో తినడం వచ్చునా అని ప్రశ్నలు. మూడోది హిమాలయాల్లో. దాని ఫారంలో రెండో పేజీ చూసి నేను ఆగిపోయాను.

'ఈ పిల్లకి దేనికి నవ్వొస్తుంది? దేనికి భయం? స్నేహితులెవరు? ఒంట్లో ఏమైనా బాధలున్నాయా? దిగులేసినప్పుడు ఎవరు పక్కన కూర్చోవాలి?'

నలభై మూడేళ్ళలో ఎన్ని ఫారాలు నింపానో! కులం, మతం, తాలూకా అన్నీ అడిగారు. నీకు దేనికి భయం నాయనా అని ఒక్క ఫారమూ అడగలేదు.

"ఇదే మంచిది" అన్నాను.

"మంచు ఉంటుందా?"

"బ్రోచరంతా మంచే."

"అయితే ఇదే! అంకుల్, నేను సెలెక్ట్ కాకపోతే చచ్చిపోతా!"

మన రాష్ట్రం మొత్తానికి ఒకే సీటు. ఆ సాయంత్రమే వాళ్ళమ్మ స్వెట్టర్ మొదలుపెట్టేసింది.

ఇక్కడ మా టైపిస్టుల పద్ధతి ఒకటి చెప్పాలి. అచ్చు ఫారంలో చుక్కలగీతలు మిషన్ వరసలతో కలవవు. అందుకని ముందు ఖాళీ కాపీ మీద ఏదో ఒకటి కొట్టి స్పేసింగ్ చూసుకుంటాం. మామూలుగా నేను ఎ బి సి డిలు కొడతాను. ఆ శనివారం మధ్యాహ్నం డిపార్ట్‌మెంటు ఖాళీ. ఎవరూ లేరు కదా అని రెండో పేజీ ప్రశ్నలకి నా జవాబులే కొట్టాను. ఊరికే, స్పేసింగ్ కోసం!

ఒంట్లో బాధలు: మెట్లెక్కితే మోకాళ్ళ నొప్పి. ముందరి పళ్ళు రెండు కట్టుడువి. రోజుకి నాలుగు కాఫీలు పడకపోతే తలనొప్పి. భయం: ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. (చర్చి అయిపోయాక అందరూ మాంసం కూర ఉడికే ఇళ్ళకి వెళ్ళిపోతారు. నేను మెస్సుకి వెళ్ళి పప్పు తిని గదికొస్తాను. ఆ తరవాత గడియారం నడవదు.) స్నేహితులు: వసుధ. అంతే.

స్పేసింగ్ దివ్యంగా కుదిరింది. తరవాత వసుధ చెప్పినట్టు అసలుది కొట్టాను. దేనికీ భయం లేదు, స్నేహితులు పధ్నాలుగు మంది. హెడ్డుగారు మొదటి పేజీ మీద చూడకుండా సంతకం గీకేశారు. పిన్ను పెట్టాను, పోస్టు చేశాను.

ఎనిమిది రోజుల తరవాత ఫైలు తెరిస్తే అసలు రెండో పేజీ అందులోనే ఉంది, పధ్నాలుగు మంది స్నేహితులూ నా వంక చూసి నవ్వుతున్నారు!

అంటే కొండెక్కింది నా పేజీ!

మా అటెండరు యాదగిరి అన్నాడు, "ఏమైంది సార్, మొహం గట్ల పెట్టిన్రు?" చెప్పాను. "తార్ కొట్టున్రి సార్" అన్నాడు. పోస్టాఫీసుకి పరిగెత్తి టెలిగ్రాం ఫారం మీద 'పళ్ళు నావి, పిల్లవి కావు' అని రాసిచ్చాను. కౌంటర్లో గుమాస్తా కళ్ళజోడు పైకి తోసి, "ఏందిది? కోడ్ భాషా?" అన్నాడు. కాగితం లాక్కుని వచ్చేశాను.

రోజూ నాలుగింటికి వసుధ, "లెటరొచ్చిందా అంకుల్?" నేను రిబ్బను సర్దుకుంటూ, "వస్తుందమ్మా."

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ పిల్ల వెళ్ళిపోతే రెండు నెలలు నాలుగ్గంటలకి నా టేబుల్ దగ్గరికి ఎవరూ రారు. ఈ చెయ్యి కావాలనే పేజీ మార్చిందా? పదిహేడేళ్ళ సర్వీసులో పిన్ను తప్పు పెట్టింది అదొక్కసారే. ఆ నెలంతా నా చేతిని నేనే అనుమానంగా చూసుకున్నాను.

ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది. హెడ్డుగారు లోపలికి పిలిచారు.

"ఏమయ్యా ఆశీర్వాదం, మా అమ్మాయికి పళ్ళెప్పుడు కట్టించినం?"

క్యాంపువాళ్ళ ఉత్తరం ఆయన చేతిలో ఉంది.

"రోజుకు నాలుగు కాఫీలట. మోకాళ్ళ నొప్పులట. ఇగ విను. 'ఈ వయసు పిల్ల స్నేహితుల పేర్లడిగితే తన పేరొక్కటే రాసుకోవడం మమ్మల్ని ఎంతో కలచివేసింది. ఇంత ఒంటరి పిల్లని మేము చూడలేదు. ఈ సీటు ఆమెకే ఇస్తున్నాము.'"

"సార్, నిజం రాసేస్తాను..."

"నోరు మూసుకో! ఏడుపు చూసి ఇచ్చిన్రు సీటు. నిజం రాస్తే అదీ పోతది."

తరవాత ఆయన ఆ ఉత్తరంలో ఆదివారం భయం గురించి రాసిన వాక్యం దగ్గరికొచ్చారు. పైకి చదవలేదు. నా పళ్ళ వంక చూశారు, కిటికీ వంక చూశారు. ఏ రాయిని చూపించినా దాని వయసు చెప్పగలరుగానీ, ఎదురుగా ఉన్న మనిషితో ఏం చెప్పాలో తోచలేదు పాపం. చివరికి, "మిషన్‌కు నూనె ఏసినవా?" అన్నారు.

"వేశాను సార్."

మే మొదట్లో వసుధ వెళ్ళిపోయింది. రైలెక్కే ముందు తన పేరు ఎర్రగా ఓ కాగితం నిండా కొట్టి నా సొరుగులో పెట్టింది.

పోయిన శుక్రవారం ఉత్తరం వచ్చింది. ఏం రాసిందో చూడండి:

"అంకుల్, హెల్ప్! అందరూ నడిచి కొండెక్కుతున్నారు. నన్ను మాత్రం గుర్రం మీద కూర్చోబెడుతున్నారు, మోకాళ్ళట! యాపిల్ ముక్కలు కోసి, నలిపి ఇస్తున్నారు. నాలుగు పూటలా కాఫీ, నేను పూలమొక్కలకి పోస్తున్నాను. ఆదివారం రెండింటికి ఒక మేడమ్ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఐదు దాకా కూర్చుంటోంది. కదలనివ్వదు! కథలు చెప్తోంది, పాటలు పాడుతోంది. మంచు చాలా బాగుంది. అంకుల్, మీరు ఏం తిన్నారు?"

మొన్న ఆదివారం మెస్సులో పప్పు తిని నేరుగా డిపార్ట్‌మెంటుకి వెళ్ళాను. క్యాంపస్ అంతా ఎండ తప్ప మనిషి లేడు. రెండింటికి మిషన్ ముందు కూర్చుని ఆ మేడమ్‌కి నిజం మొత్తం టైపు చేశాను. పళ్ళు నావి, మోకాళ్ళు నావి, కాఫీ నాది, ఆదివారం కూడా నాదే, పిల్లని దయచేసి గుర్రం దించండి అని. పేజీలు మూడుసార్లు సరిచూసి పిన్ను పెట్టాను. అప్పటికి ఐదైంది.

పెద్దవాళ్ళకి క్యాంపు ఉందా అని మాత్రం అడగలేదండోయ్, నాకామాత్రం సిగ్గుంది! కింద తార్నాక అడ్రసు కొట్టి, ఆ ఫారం ఖాళీది ఇంకొకటుంటే పంపమన్నాను.

ఊరికే. స్పేసింగ్ చూసుకోడానికి.