సోమవారం నీతి, గురువారం నీతి

ఆ రోజుల్లో ప్రేమ గురించి నాకు తెలియని సంగతంటూ లేదు. (ఆ రోజులంటే తాతల కాలమేమీ కాదు, పదేళ్లు కూడా కాలేదు. కానీ మన తెలివితక్కువతనానికి కాస్త ఎడంగా నిలబడి మాట్లాడాలంటే 'ఆ రోజుల్లో' అనక తప్పదు.) నాకు ఇరవై ఒకటి. అప్పటిదాకా నేనెవరినీ ప్రేమించలేదు, నన్నెవరూ ప్రేమించలేదు, పొరపాటున కూడా ఎవరూ ఆ మాట అనలేదు. అయినా ఇల్లందు బస్టాండు దగ్గర చాచా జిరాక్సు షాపులో పని చేస్తూ, ఒక ఆధార్ కార్డుకీ ఇంకో ఆధార్ కార్డుకీ మధ్య దొరికిన ఖాళీలో, ఫోన్లో 'ప్రేమ – జీవితం' అని చిన్న చిన్న కథలు రాసేదాన్ని. ప్రతి కథ చివరా 'నీతి' అని ఒక వాక్యం. సముద్రం మొహం చూడనిదాన్ని, నా కథల్లో అందరూ సముద్రపు ఒడ్డునే విడిపోయేవాళ్లు. మా ఇంట్లో కాఫీపొడి ఉండేది కాదు, నా నాయికలు మాత్రం చల్లారిన కాఫీ ముందు పెట్టుకుని వాన చూసేవాళ్లు. అవి మా బొగ్గుగని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడితే, అక్కడినుంచి ఎవరెవరో ఎక్కడెక్కడికో పంపుకునేవారు. కాలనీవాళ్లు నా పేరు మానేసి 'నీతుల పిల్ల' అనడం మొదలుపెట్టారు. నేను దాన్ని బిరుదనుకున్నాను.

నా మొదటి పాఠకులు ఇంట్లోవాళ్లే. గనిలో పని చేసే మా అన్న, పెళ్లయి ఇంకా ఏడాది తిరగని మా వదిన. వదినది పర్ణశాల పక్క ఊరు. ఒక ఆదివారం భద్రాచలం తీసుకుపోతానని అన్న మాటిచ్చాడు. ఆమె పొద్దున్నే తలకు పోసుకుని, పట్టుచీర కట్టుకుని, పులిహోర డబ్బాలో సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. సరిగ్గా అప్పుడే గని నుంచి ప్లే డే ఉందని కబురు. (ఆదివారం చేసే డ్యూటీని మా దగ్గర ప్లే డే అంటారు. అందులో ఆట ఎక్కడుందో గనిలోకి దిగినవాళ్లకు ఇంతవరకు దొరకలేదు.) అన్న డ్యూటీ బట్టలేసుకుని, "వచ్చే వారం పోదాం తియ్" అని బండెక్కాడు. అలా అనడం అది నాలుగోసారి. వదిన ఆ పట్టుచీరతోనే, ఆ డబ్బాతోనే బస్సెక్కి పుట్టింటికి పోయింది.

మా వైపు అలిగిపోయిన భార్యను మొగుడే పోయి తోలుకురావాలి. వారంలోపు పోతే అత్తగారు కోడిని కోస్తుంది, పదిహేను రోజులకు పోతే పప్పు పెడుతుంది, నెల దగ్గర పడితే పెద్దమనుషులకు కుర్చీలు వేస్తారు. అన్న మాత్రం కదల్లేదు. ఇరవై రోజులు చూసి అమ్మ అడిగింది: "ఏందిరా, కోడల్ని ఎన్నడు తోలుకొస్తవ్?"

"అదే వస్తదమ్మా."

"పిలువకుంట ఎట్ల వస్తదిరా?"

"చెల్లె రాసింది గద" అని అన్న ఫోన్ తీసి చూపించాడు. అది నా సోమవారం కథ. 'నీతి: మనదైన ప్రేమ పిలవకపోయినా తిరిగి వస్తుంది.' నిజం చెప్పొద్దూ, ముందు నాకు కలిగింది భయం కాదు, గర్వం. ఆ గర్వంలోనే వదినకు ఫోన్ చేశాను.

"నేనెట్ల వస్త పిల్లా?" అంది వదిన. "వచ్చి పిలవలేనోనిది ప్రేమే కాదని నువ్వే రాసినవ్ గద!"

అది నా గురువారం కథ. సోమవారం నీతికి గ్రూపులో మగవాళ్లంతా చప్పట్లు కొడితే ఆడవాళ్లు గుర్రుమన్నారు. న్యాయంగా ఉండాలని గురువారం వాళ్ల వైపు ఒకటి రాశాను. నా న్యాయం నా ఇంటి మీదికే వస్తుందని ఎలా అనుకుంటాను?

తప్పు దిద్దుకోవడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే కాబట్టి మూడో కథ రాశాను. 'నీతి: ఇద్దరూ చెరో అడుగు వేస్తే దూరం ఉండదు.' అన్న చదివి, "ఇది మీ వదినకు మంచిగ తగులుతది" అని ఆమెకు పంపాడు. అదే గంటలో వదిన కూడా అన్నకు పంపింది. ఎవరి అడుగు సంగతి వాళ్లు మర్చిపోయి, ఎదుటివాళ్ల అడుగు కోసం ఎదురుచూశారు. "తప్పు చేసి నాకే నీతులు పంపుతుండు" అని వదిన అటు ఏడ్చింది, "చూసి కూడ జవాబియ్యలే" అని అన్న ఇటు అన్నం మానేశాడు. చివరికి వదిన వాళ్ల నాన్న, ఆదివారం పెద్దమనుషులను వెంటబెట్టుకుని వస్తున్నామని కబురు పెట్టాడు. ఆ రోజు అమ్మ పొయ్యి ముట్టించలేదు.

మర్నాడు షాపులో రేషన్ కార్డు తిరగేసి జిరాక్సు తీస్తుంటే చాచా నా చెయ్యి ఆపాడు. సంగతంతా విన్నాడు. "అరే బేటీ, పెద్దమనుషులు కూసుంటే చిన్న మాట పెద్దదైతది. ఇద్దర్ల ఒక్కరన్న గడప దాటకుంటే సంసారం ఆగమైతది. నువ్వన్న పో మీ వదిన తానికి, జల్దీ పో. ఫోన్ ఇడ్నే పెట్టి పో."

"ఫోన్ ఎందుకు చాచా?"

"తొవ్వల ఇంకో కథ రాస్తవని."

శుక్రవారం మొదటి బస్సుకు బయల్దేరాను. లెక్క ప్రకారం ఇరవై ఆరో రోజు. కొత్తగూడెం, భద్రాచలం దాటి పర్ణశాల చేరేసరికి చక్కటి ఉపన్యాసం తయారైంది. వదిన వాళ్ల వాకిట్లో మిర్చి ఆరబోసి ఉంది. ఆమె చీర కొంగు ముక్కుకు కట్టుకుని తాలు కాయలు ఏరుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను నోరు తెరిచాను, ఆ ఘాటుకు తుమ్ములు అందుకున్నాయి. తుమ్ముల వెనకే ఏడుపు. ఏది ఎక్కడ ఆగిందో నాకే తెలియలేదు.

"నాకేం తెల్వదు వదినా. అన్నీ ఉత్తగనే రాసిన. నేనెవల్ని ప్రేమించలే."

"అది కాలనీ అంతటికి ఎరుకే పిల్లా" అంది వదిన.

"మరెందుకు నమ్మినవ్?"

ఆమె కాసేపు కాయలు ఏరింది. "మీ అన్న రాలే. ఎందుకు రాలేదో ఏదో ఒకటి అనుకోవాలె గద" అంది. తర్వాత ఇంకా మెల్లగా అడిగింది: "తింటుండా?"

ఉపన్యాసం ఎటు పోయిందో పోయింది. చూసింది చెప్పాను. అన్న ప్లే డే మానేశాడని, మూడు ఆదివారాలుగా ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా గుమ్మంలోనే కూర్చుంటున్నాడని. వదిన తలెత్తలేదు గానీ, మంచి కాయలు తీసి తాలు కుప్పలో వేస్తోంది.

అప్పుడే వాకిట్లో బండి ఆగింది. అన్న. నైట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చి, అమ్మ నోట నా సంగతి విని, మొహం సరిగ్గా కడుక్కోకుండానే వచ్చినట్టున్నాడు. కళ్ల అంచున బొగ్గు కాటుకలా ఉంది. వదినను చూశాడు, మిర్చిని చూశాడు, చివరికి ఆమెతో మాట్లాడే ధైర్యం చాలక నా వైపు చూశాడు.

"చెల్లె ఒక్కతే ఇంత దూరం వచ్చిందంటే, తోలుకపోదామని వచ్చిన" అన్నాడు.

"చెల్లె కోసమే వచ్చినవా?" అంది వదిన.

"అవ్."

"ఇంకెవల్నీ తోలుకపోవా?"

అన్న బండి సీటు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇద్దరికే జాగ ఉంటది" అన్నాడు.

"అయితే పిల్లను బస్సెక్కియ్" అని వదిన సంచి సర్దుకోవడానికి లోపలికి పోయింది. వాళ్లమ్మ కోడిని పట్టడానికి పెరట్లోకి పోయింది. ఇరవై ఆరో రోజున కోడి కోసిన అత్తగారు మా చుట్టుపక్కల ఆమె ఒక్కతే.

తిన్నాక, నా కోసం వచ్చిన అన్న నన్ను బస్సెక్కించి, వదినను బండెక్కించుకున్నాడు. భద్రాచలం ఇంకా రాకముందే వాళ్ల బండి మా బస్సును దాటింది. వదిన సంచి ఇద్దరి మధ్యనుంచి తీసి పక్కన పట్టుకుంది, గడ్డం అన్న భుజానికి ఆనించింది. ఆమె ఏదో చెబుతోంది, అన్న వినబడక వెనక్కి తల తిప్పుతున్నాడు. నాకు మళ్లీ ఏడుపొచ్చింది. ఈసారి మిర్చి కూడా లేదు.

కండక్టరు దగ్గరికి వచ్చి అడిగాడు: "ఏందమ్మా, ఎవలన్న పోయిండ్రా?"

"లేదన్నా, కలిసిండ్రు" అన్నాను.

ఆయన నన్ను అదోలా చూసి ముందుకు పోయాడు. ఇప్పుడు నాకూ పెళ్లయింది, అలకలున్నాయి, ఎవరు ముందు తగ్గాలో ఏ రోజుకా రోజు కొత్తగా తేల్చుకుంటున్నాం. ప్రేమ గురించి ఆ నీతుల పిల్లకు తెలిసినంత నాకు తెలియదు. కానీ ఆ బస్సులో కిటికీ పక్కన ముక్కు తుడుచుకుంటూ, ఎవరికోసమో సంతోషంతో ఏడుస్తున్న ఆ పిల్ల గుర్తొస్తే, పోయి పక్కన కూర్చుని తన చెయ్యి పట్టుకోవాలనిపిస్తుంది.