మేడమ్ దాచిన ఆఖరి ట్యూబు

రేపల్లె నుంచి ఫోన్ వచ్చేసరికి నేను బాపట్ల ల్యాబులో బకెట్టులోకి ఐసు నింపుతున్నాను. "అక్క పోయిందమ్మా," అన్నారు మేడమ్ చెల్లెలు. ఐసు కింద పడుతున్నా నా చెయ్యి ఆగలేదు.

మన రక్తంలోని ప్రోటీన్లకు రకరకాల చక్కెరలు అతుక్కుని ఉంటాయి. జబ్బు చేస్తే వాటి అమరిక మారుతుంది. అది కనిపించాలంటే ముందు నమూనాను శుభ్రంగా తయారుచేయాలి. నాకు ఆ పని నేర్పింది మేడమే. రేపల్లెలో సేకరించిన నమూనాలను ఐసు పెట్టెలో పెట్టి, ఒళ్లో ఉంచుకుని, తెనాలిలో రైలు మారి వచ్చేవారు. "ఏంటండీ పెట్టెలో, రొయ్యలా?" అని ఎవరైనా అడిగితే, "కాదండి, రక్తం," అనేవారట. పక్క సీటు ఖాళీ అయ్యేది. "హాయిగా కాళ్లు చాపుకుని వచ్చానమ్మా," అని నవ్వేవారు.

చీరాల నేత చీరలంటే ఆమెకు ప్రాణం. నమూనా ముట్టుకునే ముందు మాత్రం కొంగును కోటు లోపలికి దోపి పిన్ను పెట్టేవారు. దూదిని దగ్గరికి రానిచ్చేవారు కాదు. "పత్తి కూడా చక్కెరల గొలుసేనమ్మా. ఒక్క పోగు పడితే మన లెక్కంతా గల్లంతే."

ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో తన రక్తమే ఇచ్చి, అందులోంచి తీసిన సీరాన్ని చిన్న ట్యూబుల్లో ఫ్రీజరులో దాచారు. ఒకసారి కరిగిన ట్యూబును, మళ్లీ గడ్డకడితే పాడవుతుందని, లోపల పెట్టనిచ్చేవారు కాదు. జబ్బు బయటపడ్డాక రక్తం ఇవ్వడానికి మళ్లీ చెయ్యి చాపారు. "అప్పటిదీ ఇప్పటిదీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఏడుపెందుకమ్మా, సూది నాక్కదా?" అప్పటికి పాతది ఒక్క ట్యూబే మిగిలింది. ఆమె కోలుకున్నాక ఇద్దరం కలిసి చేద్దామనుకున్నాం.

రేపల్లెలో ఆమెను అద్దాల ఐసు పెట్టెలో పడుకోబెట్టారు. చుట్టూ ప్రార్థన పాటలు. నేను కూర్చోలేను, నిలబడలేను. ముక్కులో పెట్టిన దూది మీదే నా చూపంతా. "తీసేయండి," అనబోయి నోరు నొక్కుకున్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. సమాధుల తోటకు తీసుకెళ్లే ముందు చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డలా ఉంది.

మర్నాడు ల్యాబులో కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగాను. కాలు ఒకచోట నిలవదు. ఈ పాత ట్యూబు పాడైతే ఇంకొకటి ఎవరిస్తారు? అలాగని ఫ్రీజరులోనే ఉంచేస్తే ఆమె చెయ్యి చాపింది ఎందుకు? చివరికి చున్నీని కోటులోకి దోపి పిన్ను పెట్టుకుని, ట్యూబు బయటికి తీశాను. వేళ్ల మధ్య కరగసాగింది. ఇక వెనక్కి పెట్టడానికి లేదు.

పాతదీ కొత్తదీ పలచన చేసి, వేడిచేసి, చల్లార్చి, ప్రోటీన్ల నుంచి చక్కెరల్ని విడదీసే ఎంజైమ్ ఒక్కో చుక్క వేశాను. ఇక్కడే నేను తొందరపడేదాన్ని. "లాగితే రావమ్మా. వెచ్చగా ఉంచు, అవే వదులుతాయి," అనేవారు.

రెండు ట్యూబుల్నీ వెచ్చటి పెట్టెలో ఉంచి తలుపు వేశాను. దాని వేడి సరిగ్గా మనిషి ఒంటి వేడే. వెళ్లబుద్ధి కాక, స్టూలు లాక్కుని ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. లోపల మేడమ్ రక్తం మళ్లీ వెచ్చబడుతోంది.