నడిమి బోల్టు మొదలు

ఇందుమూలముగా మా వీధి ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, నేటి నుండి ఎవరి కోడి ఎవరి గేటు కింద దూరినా అడిగేవారు లేరు. స్కూటరును వీధికి అడ్డంగా నిలపవచ్చును. కుళాయి కట్టేయకుండా పోవచ్చును. కసువు ఊడ్చి పక్కింటి ముందరికి తోయవచ్చును. సుద్దముక్క పట్టుకుని వచ్చి మీ గడప ముందర సున్నా మార్కు వేసే మా ఎదురింటి అయ్యవారు సోమవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుని అట్లే పోయినారు. కావున వీధి ఇక నిశ్చింతగా పాడైపోవచ్చును.

చచ్చిపోయిన మనిషి గురించి రాసేటప్పుడు అందరూ 'ఆయనంటే నాకు ప్రాణం' అని మొదలుపెడతారు. నాకు ఆయనంటే ఒళ్లుమంట. తొమ్మిదో తరగతి లెక్కల్లో నాకు ముప్పైనాలుగు మార్కులు వేసి నిలిపేసిన మహానుభావుడు ఆయన. ముప్పైఐదు వస్తే పాసు. మా అమ్మ పోయి ఒక్క మార్కు అడిగింది.

"వానికి రాని మార్కు నేనెట్లా వేస్తానమ్మా? మళ్లీ చదవమను" అన్నాడట.

నేను మళ్లీ చదవలేదు. ఈ రాతలో తప్పులుంటే సగం ఆయన ఖాతాలో వేసుకోండి.

మంగళవారం సమాధి చేసేటప్పుడు రెండు పార్టీల చోటా నాయకులూ దండలు పట్టుకుని దిగినారు. ఇద్దరిదీ ఒకే మాట: "అయ్యవారు మొదట్నుంచీ మా మనిషి." బతికినన్నాళ్లూ వీళ్లిద్దరికీ గేటు తీయని మనిషి, చచ్చేసరికి ఇద్దరికీ చుట్టమైపోయాడు. ఒకాయన శవాన్ని తీసుకుపోయే బండిని కూడా పంపినాడు. దాని రెండు పక్కలా ఆ నాయకుని బొమ్మే, చేతులు జోడించి నవ్వుతూ.

అయ్యవారి భార్యను మేం అమ్మ అంటాం. అమ్మ ఆ బండిని కిందా మీదా చూసి, "ఆయన అది ఎక్కడు. ఎత్తుకోండి" అంది. ఎత్తుకున్నాం. మిషన్ సమాధుల తోట దాకా నడిచే పోయినాం. ముందర కుడి వైపు నేను, ఎడమ వైపు ఆయన తమ్ముడు.

అమ్మ ఎందుకట్లా అందో ఇప్పటి పిల్లకాయలకు తెలియదు. నా పడుచు కాలంలో మా ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా, అటు పులివెందుల దాకా, మనిషి ఏ పార్టీయో తెలుసుకోవడానికి ఓటు చూడాల్సిన పనిలేదు. ఎవరి బండి ఎక్కాడో చూస్తే చాలు. జ్వరమొచ్చి ఆసుపత్రికి పోవడానికైనా సరే, ఎక్కిన బండి ఎవరిదో నువ్వు వాళ్ల మనిషివి. ఆ తర్వాత దిగడం నీ చేతిలో లేదు. ఆఖరికి బండి రిపేరీకి ఇచ్చే షెడ్లు కూడా ఇటువాళ్లవి కొన్ని, అటువాళ్లవి కొన్ని. ఏ షెడ్డు ముందర నీ కారు నిలబడితే ఆ రంగు నీకు పూసేవాళ్లు.

అందుకే అయ్యవారు ఒక పాత తెల్ల డీజిల్ కారు పెట్టుకున్నాడు. ఏ షెడ్డుకూ పోడు. వాళ్ల నాయన మిషన్ జీపు నడిపిన డ్రైవరు, ఆ విద్య ఈయనకు వచ్చింది. ఆదివారం మిషన్ గుడికి పోయివచ్చి, ప్యాంటు విప్పి లుంగీ కట్టి, కారు కిందికి దూరేవాడు. విప్పిన ప్రతి నట్టుకూ సుద్దముక్కతో నంబరు వేసేవాడు. దారిన పోతూ ఎవరైనా "ఏమైంది అయ్యవారూ బండికి?" అంటే, "నీ బండి ఎట్లుంది ముందు చెప్పు" అనేవాడు. నోరు తెరిస్తే కయ్యమే. ఇంటి ముందరే సోడా అంగడి ఉన్నా ఆ పక్కకు పోడు. ఎండలో రెండు వీధులు చుట్టి వేరే అంగడికి పోయి తాగి వచ్చేవాడు. మొండిఘటం.

నా కథ ఆ కారు దగ్గరే ఉంది. అప్పుడు నేను ఒక పార్టీ జెండా మోస్తుండేవాణ్ణి. ఎన్నికలు దగ్గర పడినాయి. 'నేను ఎవరి మనిషినీ కాను' అని ఆ తెల్లకారు పొద్దున్నే దర్జాగా పోతుంటే నాకు ముప్పైనాలుగు గుర్తుకొచ్చేది. సోడా అంగడివాడు మా ఎదుటి పార్టీవాడు. వాని అంగడిలో కట్టలు కట్టలుగా స్టిక్కర్లు ఉంటే ఒకటి లాగినాను. ఒక గురువారం పొద్దున అయ్యవారు ఇంజన్ స్టార్టు చేసి, మరిచిన బైబిలు కోసం లోపలికి పోయినాడు. పలకంత స్టిక్కరు, వెనక డిక్కీ మీద, నాయకుని నవ్వుతో సహా అంటించేసినాను. ఆయన ఎప్పుడూ బండి ముందు నుంచే ఎక్కుతాడు, వెనక్కి పోడు. జమ్మలమడుగులో ప్రార్థనకు బయలుదేరినాడు. నేను కడుపు పట్టుకుని నవ్వినాను.

జమ్మలమడుగు సెంటరులో టీ తాగుతున్న నలుగురు, గ్లాసులు పెట్టి లేచినారట. వాళ్లు మా పార్టీవాళ్లే. ఆయన ప్రార్థన ముగించుకుని తిరిగి వస్తుంటే జీపు వెంటబడింది. ఆ రోజే కారు రేడియేటరులో నీళ్లు తగ్గి, వేడి ముల్లు పైకెక్కుతోంది. నిలిపి నీళ్లు పోస్తే బండి బతుకుతుంది, నిలపకపోతే మనిషి బతుకుతాడు. ఆయన నిలపలేదు. ప్రొద్దుటూరు పొలిమేర దాకా అట్లే తొక్కినాడు. జీపు వెనక్కి మళ్లింది.

మా వీధిలోకి వచ్చేసరికి కారు వెనక తెల్లటి పొగ, వడ్ల మిల్లు ఉడుకు గొట్టం మాదిరి. అయ్యవారు దిగి, పొగ ఎట్లుందో చూడ్డానికి వెనక్కి పోయినాడు. స్టిక్కరు చూసినాడు. తల ఎత్తి వీధంతా ఒకసారి చూసినాడు. ఆ వీధిలో నేనూ ఉన్నాను. తర్వాత బ్లేడు తెచ్చి గీకడం మొదలుపెట్టినాడు. స్టిక్కరుతో పాటు పెయింటు మీది నిగనిగ కూడా లేచిపోయింది.

మరుసటి రోజు పొద్దున సంబరం చూద్దామని గేటు దగ్గరికి పోయినాను. ఆయిల్ కొలిచే పుల్ల లాగి చూస్తున్నాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ మజ్జిగలాగా ఉంది.

"ఏందిరా చూస్తాండావు? ఈడ సినిమా ఆడతాందా?"

"ఏమైందని చూస్తాండా అయ్యవారూ."

"హెడ్డు గ్యాస్కెట్ కాలింది. అంటే తెలుసునా నీకు? తెలీదు. ఇంజన్‌కూ పైన మూతకూ నడుమ రేకు ఉంటాది. నీళ్ల దారి నీళ్లకు, ఆయిల్ దారి ఆయిల్‌కు, మంట దారి మంటకు. అది కాలితే అన్నీ ఒకదాంట్లో ఒకటి దూరి నాశనం. మీ రాజకీయం మాదిరి. పో ఇంక."

పోతుంటే అమ్మ గేటు దగ్గరికి వచ్చింది. ఆమె కండ్లు వాచి ఉన్నాయి.

"ఆదివారం లోపల ఈ బండి కదలకుంటే మా మరిది మాకు దక్కడబ్బీ" అంది.

అప్పుడు తెలిసింది. అయ్యవారి తమ్ముడు పులివెందుల వైపు, వేముల పక్క ఊర్లో సేద్యం చేసేవాడు. బుద్ధి తక్కువై ఒక పార్టీ జీపు ఎక్కినాడు. దిగుతానంటే వాళ్లు ఒప్పుకోలేదు, ఎదుటివాళ్లు నమ్మలేదు. చివరికి ఊరి పెద్దమనుషులు రెండు వైపులా మాట్లాడి ఒక మాటకొచ్చినారు. ఆదివారం లోపల అన్న వచ్చి తీసుకుపోవాలి, తన సొంత బండిలోనే రావాలి. వేరే ఎవరి బండిలో వచ్చినా, ఏ పార్టీ మనిషిని వెంట తెచ్చినా ఒప్పందం లేదు. తర్వాత తమ్మునికి ఏమైనా వాళ్లకు సంబంధం లేదు.

చొక్కా విప్పి గేటు మీద వేసి లోపలికి పోయినాను.

"నిన్ను పిల్చినానా?"

"మూత ఒక్కరు ఎత్తలేరు గదా అయ్యవారూ."

"ఎత్తేటప్పుడు పిలుస్తా. అంతదాకా నోరు మూసుకుని ఈ స్పానరు పట్టు."

రెండు రోజులు నన్ను తిట్టినన్ని తిట్లు మా నాయన కూడా తిట్టలేదు. ఇంజన్‌లో వాల్వులను తోసే కడ్డీలను విప్పి, అట్టముక్కకు చిల్లులు పెట్టి వరుసగా గుచ్చినాడు. ఒకటి తారుమారు చేసినానని ఆ అట్టతోనే నెత్తిన కొట్టినాడు. ఇద్దరం ఎగశ్వాసతో మూత ఎత్తి గోనెసంచి మీద పెట్టినాం. కాలిన గ్యాస్కెట్ ఊడదీసి చూపించినాడు. నాలుగు పెద్ద గుండ్రటి చిల్లుల నడుమ ఒకచోట రేకు నల్లగా తెగిపోయి ఉంది.

"నా వేలంత లేదు, చూడు. ఇంత సందు చాలు కొంప మునగడానికి."

షెడ్లకు పోని మనిషి గదా, కొత్త గ్యాస్కెట్ ఇంట్లోనే గోడకు, క్యాలెండరు పక్కన మేకుకు ఎప్పుడూ తగిలించి ఉండేది. దాన్ని దించి, అదే మేకుకు కాలినదాన్ని తగిలించినాడు. పాత రేకు బంక మిగలకుండా బ్లేడుతో గీకింది నేను. "గాజు మాదిరి ఉండాల" అని ఆరుసార్లు గీకించినాడు. స్కూల్ ఇనుప స్కేలు అంచు మీద నిలబెట్టి మూత వంగిందో లేదో చూసినాడు. దేవుని దయ, వంగలేదు.

శనివారం మధ్యాహ్నం మూత మళ్లీ కూర్చోబెట్టినాం. పది బోల్టులు. పక్కన సుద్దతో ఒకటి నుంచి పది దాకా నంబర్లు. ఒకటో నంబరు నట్టనడుమ ఉంది, పది మూలన ఉంది.

"నడిమి బోల్టు మొదలు, చివరకు పో. మూడు సుట్లు. ఒక్క దెబ్బకు బిగించేది లేదు."

షెడ్లలో అయితే ఎంత బిగిసిందో కొలవడానికి వేరే మీటరు స్పానరు ఉంటుంది. ఈయన దగ్గర స్ప్రింగు కాటా ఉంది, పత్తి తూచేది. పొడుగు స్పానరు చివర కాటా కొక్కెం తగిలించి లాగాలి. ముల్లు ఆయన పెన్సిలుతో గీసిన గీతకు వస్తే ఆ బోల్టుకు చాలు. ఆయన ముల్లు చూస్తాడు, నేను లాగుతాను. రెండో చుట్టులో ఆయన నీళ్లు తాగడానికి పోయినాడు. నాకు తొందర. చేతికి దగ్గరున్న మూల బోల్టును కసిదీరా తిప్పేసినాను. ఆయన వచ్చి స్పానరు తగిలించి చూసి కనిపెట్టినాడు.

"ఎవరు బిగించమన్నారు దీన్ని?"

"ఎట్లైనా బిగించాల్సిందే గదప్పా."

"మూల ముందు బిగిస్తే నడుమ ఉబ్బుతాది. రేపు నేను వేముల దారిలో ఆగిపోతే నువ్వొచ్చి తోస్తావా? ఇప్పు. పదీ ఇప్పు. నీకు ఆ పొద్దు ముప్పైనాలుగు వేసిందే ఎక్కువ."

పదీ విప్పినాను. మళ్లీ నడిమి బోల్టు నుంచి మొదలు. మూడు బోల్టులు అయినాయి. అప్పుడే చెప్పేసినాను.

"అయ్యవారూ, ఆ స్టిక్కరు అంటించింది నేను."

ఆయన ముల్లు మీద నుంచి కన్ను తీయలేదు. "తెలుసులేరా. లాగు. నాలుగో బోల్టు" అన్నాడు. అంతే.

సాయంత్రం ఇంజన్ స్టార్టు చేసి, వేడెక్కించి, చల్లారినాక మళ్లీ ఒక చుట్టు బిగించినాం. ఆదివారం పొద్దున సైలెన్సరు వెనక నల్ల అట్ట పట్టుకుని చూసినాడు. తెల్ల పొగ లేదు. నేను చేతులు కడుక్కుని ముందు సీట్లో కూర్చున్నాను.

"దిగు."

"దారిలో ఏమన్నా అయితే అయ్యవారూ..."

"నువ్వు కూర్చుంటే ఇది నీ పార్టీ బండి అవుతాది. నా తమ్మున్ని చంపుకోవడానికా రెండు దినాలు బిగించింది? దిగురా."

దిగినాను. గుడికి పోకుండా ఆ ఒక్క ఆదివారం వేముల దారి పట్టినాడు. అమ్మ గేటు లోపల, నేను గేటు బయట. పొద్దు నడినెత్తికి వచ్చింది, దిగింది. ఇద్దరం అన్నం తినలేదు. నాకు ప్రతి బోల్టూ వరుసగా గుర్తుకొస్తోంది. ఏడో బోల్టుకు ముల్లు గీత దాకా వచ్చిందా లేదా అని మళ్లీ ఒకటి నుంచి లెక్కబెట్టుకున్నాను. దీపాలు పెట్టే ముందు వీధి మొదట్లో తెల్లకారు కనబడింది. పొగ లేదు. ముందు సీట్లో నీళ్ల క్యాను ఒళ్లో పెట్టుకుని తమ్ముడు.

అయ్యవారు దిగి, తమ్ముణ్ణి ఇంట్లోకి పంపి, జేబులో నుంచి సుద్దముక్క తీసి నా చొక్కా మీద ఏదో రాసినాడు. తల వంచి చూసుకున్నాను. ముప్పైఐదు.

"పార్టీలో తిరిగినా నీకు ఇంకా మంచీ చెడ్డా మిగిలింది రా" అన్నాడు. ఆయన నన్ను పొగిడింది జన్మకు అదొక్కసారే. మరుసటి దినం నుంచి మళ్లీ తిట్లు.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది. చదివినవాళ్లు 'ఎంత మంచి అయ్యవారు, ఎంత మంచి శిష్యుడు' అనుకుని పోయేవాళ్లు. కానీ ఆయన్ను ఎత్తుకున్న భుజం ఇంకా నొప్పిగానే ఉంది.

కారు, గ్యాస్కెట్, కాటా, తమ్ముడు, ముప్పైఐదు, అన్నీ నిజం. నేను స్టిక్కరు సంగతి చెప్పినానన్నది ఒక్కటే అబద్ధం. ఆ మాట నేను చెప్పలేదు. ఆయన 'తెలుసులేరా' అననూ లేదు. నాలుగో బోల్టు దగ్గర నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ఆ పొద్దు వీధంతా చూసిన ఆయన కండ్లు నా దగ్గర ఆగలేదు, స్టిక్కర్ల కట్టలున్న సోడా అంగడి దగ్గర ఆగినాయి. పోయిన ఆదివారం దాకా ఆ మనిషి ఎండలో రెండు వీధులు చుట్టి పోయింది అందుకే. సోడా అంగడివానికి ఈ రోజుకూ కారణం తెలియదు. సమాధి కాడ వాడూ మట్టి వేసి, "నామీద ఏం కోపమో ఆయనకు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

కారు అయ్యవారి గేటు లోపల నిలిచి ఉంది. నాలుగు రోజులుగా తుడిచేవారు లేరు. వీధి దుమ్ము బండంతా పల్చగా పడింది, డిక్కీ మీద బ్లేడు గీకినచోట మాత్రం దట్టంగా పట్టింది. పలకంత నలుచదరపు మచ్చ. పొద్దున పోయి నా టవలుతో తుడిచినాను. సాయంత్రానికి మళ్లీ అక్కడే, అంతే కొలతతో, నాలుగు అంచులూ నేను అంటించినట్టే నిలబడింది.