మజ్జిగలో శొంఠి

మొన్న మా అబ్బాయిని నెలవారీ పరీక్షకు దవాఖానకు తీసుకెళ్తే, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించింది. "మెదడుల ఒక కణం పక్క కణానికి కబురు పంపుతది అమ్మా. నడుమ సన్నటి సందు ఉంటది. కొన్ని జన్యువులల్ల తేడా ఉంటే ఆ కబురు సరిగ్గ చేరది. ఉన్నోళ్లందరికీ రోగం రాదు గని, కొన్ని కుటుంబాలల్ల ఎక్కువ కనబడతది. మీ ఇంట్ల ఇంతకుముందు ఎవరికన్న ఉండెనా?" అని అడిగింది. "మా అన్నకు" అన్నాను. ఒకప్పుడు మా ఇంట్లో ఎవరూ ఆ జవాబు ఇచ్చేవారు కారు. మా లెక్కలో అన్నకు రోగం లేదు. వశం చేసుకోవడానికి వదినె తిండిలో మందు పెట్టింది, అంతే.

అన్న మంథనిలో వ్యవసాయం చూసుకునేవాడు. మహా మాటకారి. పెద్దపల్లి బస్సుకని బయల్దేరిన మనిషి అన్న కంటబడితే ఇక మర్నాటి బస్సుకు పోవలసిందే. డెబ్బైల మొదట్లో హుస్నాబాద్ నుంచి వదినె కాపురానికొచ్చింది. రెండేళ్లు తిరక్కముందే అన్న మాటలు తగ్గిపోయాయి. రేడియోలో తన గురించే చెబుతున్నారని దాన్ని గోనెసంచిలో చుట్టి బావిలో వేశాడు. ఎవరు వండిపెట్టినా విషమనేవాడు. వదినె అన్నం కలిపి, ముందు తానొక ముద్ద తిని చూపిస్తే మాత్రం తినేవాడు. మమ్మల్ని కన్న అవ్వకు అదే రుజువైంది. "దాని చేతిదే తింటుండు. మందు గాకపోతె ఏంది?" అనేది.

ఒక పొద్దున అవ్వ, బాపు, ఇద్దరు పెద్దమనుషులు కలిసి వదినెను నిలబెట్టి, మజ్జిగలో ఏం కలుపుతున్నావని అడిగారు. అన్నకు కడుపుబ్బరమని ఆమె కలిపేది శొంఠి పొడి. దంచి ఇచ్చింది నేనే. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. వదినె నా వైపు తిరిగి, "నువ్వన్న చెప్పు పిల్లా" అంది. ఆ నెలలోనే నాకు సంబంధం కుదిరింది. ఇంట్లో పిచ్చి ఉందంటే అది తప్పిపోతుంది. కోడలు మందు పెట్టిందంటే తప్పిపోదు. అవ్వ నన్నే చూస్తోంది. "ఏమో, నాకెర్కలే" అన్నాను. సాయంత్రం బస్సుకు వదినెను పుట్టింటికి పంపేశారు.

ఆ తర్వాత అన్న ఎవరి చేతిదీ తినలేదు. అవ్వ బతిమాలింది, బాపు కొట్టాడు కూడా. ఎముకల గూడై, నాలుగో నెలలో పోయాడు. వదినెకు కబురైనా చేయలేదు.

నేను కరీంనగర్‌లో కాపురం పెట్టాను. తొంభైలలో, కాలేజీకి పోతున్న నా కొడుకు, గోడవతల ఎవరో తనను తిడుతున్నారని అన్నం కంచం ముందునుంచి లేచిపోయాడు. మా ఇంట్లో మందు పెట్టే వదినె ఎవరూ లేరు. వాణ్ని దవాఖానలో చూపించి, మర్నాడే హుస్నాబాద్ బస్సెక్కాను. వదినె తమ్ముడి ఇంట్లో ఉంటూ బీడీలు చుడుతోంది. పిల్లవాడి సంగతి చెప్పి, "అది శొంఠే అని నాకెర్కనే వదినె" అన్నాను. ఆమె చేతిలోని బీడీ ఆకు కత్తిరించి పక్కన పెట్టింది. "గప్పుడు చెప్పినా ఆయన రోగం పోయేది గాదు. గని నా చేతి బువ్వ తింటుండె" అంది. తర్వాత తల ఎత్తి, "నీ పిలగాడు తింటుండా?" అని అడిగింది. తింటున్నాడని చెప్పాను. కూర్చోమని అనలేదు, పొమ్మని కూడా అనలేదు.

ఇదంతా తెలుసుకోవడానికి శాస్త్రానికి చాలా ఏళ్లు పట్టిందని డాక్టరమ్మ అంది. పట్టే ఉంటుంది. ఆ పొద్దునే తెలిసిన ఒక్క మాట చెప్పడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.